పాలరంగు సీసాలో పనితనం

షుగరు వచ్చిన కుక్కలకిచ్చే ఇన్సులిన్ సీసాను కాసేపు కదపకుండా బల్లమీద ఉంచితే అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. పైన నీళ్లలాంటి ద్రవం తేరుకుంటుంది. కొత్తగా చూసినవాళ్లు మందు విరిగిపోయిందని కంగారుపడతారు, షాపులో తిరిగిచ్చేద్దామంటారు. విరగలేదు. ఆ మడ్డే మందు. చూడ్డానికి ఇంత మోటుగా ఉన్న తెల్లపొడిని తయారుచెయ్యడంలో ఎంత నేర్పు ఉందో, దాన్ని రోజుకు రెండుసార్లు కుక్క చర్మం కిందికి చేర్చే ఇంటివాళ్ల చేతుల్లోనూ అంత నేర్పు కావాలి. సీసాలో జరిగింది సగం పనే. మిగతా సగం వంటింట్లో జరుగుతుంది.

ముందు జబ్బు సంగతి. షుగరు మన ఇళ్లకు కొత్త చుట్టం కాదు. తాతయ్య మాత్రలు, పెద్దమ్మ రాగిజావ, పండక్కి బొబ్బట్టు దగ్గర జరిగే బేరసారాలు అందరికీ తెలిసినవే. అందుకే కుక్కకు షుగరని డాక్టరు చెప్పగానే, అన్నం తగ్గించి ఒక మాత్ర పడేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. మనుషుల్లో ఎక్కువమందికి వచ్చే రకంలో క్లోమం ఇన్సులిన్‌ను ఎంతో కొంత తయారుచేస్తూనే ఉంటుంది. కుక్కల్లో దాన్ని తయారుచేసే బీటా కణాలే నశించిపోతాయి. క్లోమాన్ని పురికొల్పి ఇన్సులిన్ రాబట్టే మాత్రలు వేసినా, రాబట్టడానికి అక్కడ ఏమీ మిగిలి ఉండదు. ఇక సూదే గతి, అదీ బతికినన్నాళ్లూ. కొన్ని పిల్లులకు వైద్యం మొదలైన కొన్నాళ్లకు సూది మానేసే అదృష్టం పడుతుంది. కుక్కలకు అది అరుదు.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 నుంచి 220 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు. చక్కెర మూత్రంలోకి జారుతుంది, తనతోపాటు నీటినీ లాక్కుపోతుంది. కుక్క గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతుంది, ఇన్నాళ్లూ లేనిది ఇంట్లోనే ఉచ్చ పోస్తుంది, ఆవురావురుమని తింటూనే చిక్కిపోతుంది. ఉచ్చ పోసిన చోట చీమలు చేరాయని చెప్పి డాక్టరు పని సగం తగ్గించే ఇల్లాళ్లూ ఉన్నారు.

ఆరోగ్యంగా ఉన్న క్లోమం రక్తాన్ని నిమిషనిమిషానికీ కనిపెడుతూ కావలసినంత ఇన్సులిన్ వదులుతుంది. తిన్నాక ఎక్కువ, నిద్రలో కాస్త. మందు తయారుచేసేవాళ్లకు ఈ కనిపెట్టే గుణం చిక్కలేదు. వాళ్లకు చిక్కింది ఒక్కటే, ఆలస్యం. ఇన్సులిన్ ఎప్పుడెంత కావాలో సీసా తెలుసుకోలేదు. ఎంత నిదానంగా కరగాలో మాత్రం దానికి ముందే నేర్పి పంపవచ్చు.

అలా నేర్పడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద పరీక్షించి, 1922 జనవరిలో మనిషికి ఎక్కించిన ఇన్సులిన్ కొద్ది గంటల్లోనే కరిగి అయిపోయేది. రోగులు రోజుకు పలుమార్లు పొడిపించుకోవలసి వచ్చేది. 1936లో డెన్మార్కుకు చెందిన హాగెడార్న్ చేపల వీర్యం నుంచి తీసిన ప్రోటమిన్ అనే ప్రోటీన్‌ను ఇన్సులిన్‌కు జతచేసి దాన్ని నెమ్మదింపజేశాడు. ఆయన సంస్థ నార్డిస్క్‌లోనే 1946లో దాని మెరుగైన రూపం వచ్చింది. ఇవాళ మన మెడికల్ షాపుల్లో దొరికే ఎన్‌పీహెచ్ అదే. అందులోని చివరి అక్షరం హాగెడార్న్ పేరు.

అదే దేశంలో నార్డిస్క్‌కు పోటీగా నోవో అనే కంపెనీ ఉండేది. అక్కడి క్నుడ్ హల్లాస్-మోలర్ పరాయి ప్రోటీన్ ఏదీ కలపకుండా ఆ పని చెయ్యాలనుకున్నాడు. జింక్ తగిలితే ఇన్సులిన్ స్ఫటికాలు కడుతుందని అప్పటికి తెలుసు. స్ఫటికాలైతే నిదానంగా కరగాలి. కానీ మామూలు మోతాదు జింక్‌తో అలా జరగడం లేదు. ఎందుకని తరచి చూస్తే దొంగ బయటపడ్డాడు. మందులో ఆమ్లం, క్షారం సరితూగేందుకు వాడే ఫాస్ఫేట్, ఉన్న జింక్‌ను తానే పట్టేసుకుంటోంది. ఫాస్ఫేట్‌ను తీసేసి అసిటేట్ పెట్టాడు. అంతే, కొద్దిపాటి జింక్‌తోనే ఇన్సులిన్ కరగకుండా నిలిచింది. కొత్తదేదో తెచ్చి చేర్చకుండా, అడ్డుపడుతున్నదాన్ని తప్పించి సాధించాడు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇది. 1950ల మొదట్లో లెంటె అనే పేరుతో అది బయటికొచ్చింది.

లెంటెలో రెండో సొగసు ఉంది. జింక్‌తో కలిసిన ఇన్సులిన్‌ను ఒక పద్ధతిలో చేస్తే ఆకారం లేని సన్నపొడి అవుతుంది, ఇంకో పద్ధతిలో చేస్తే గట్టి స్ఫటికాలవుతుంది. పదార్థం ఒక్కటే అయినా పంచదార పొడి నోట్లో పడగానే కరుగుతుంది, పటికబెల్లం ముక్కను చప్పరిస్తూ కూర్చోవాలి. ఇక్కడా అంతే. సన్నపొడి త్వరగా కరిగి ఇప్పటి భోజనం సంగతి చూస్తుంది. స్ఫటికాలు నెమ్మదిగా కరిగి తరువాతి గంటలను కాస్తాయి. కుక్కలకోసం ఇప్పుడు అమ్మే సీసాలో సన్నపొడి 35 శాతం, స్ఫటికాలు 65 శాతం. అందుకే ఒక్క సూదికి రెండు శిఖరాలుంటాయి. మొదటిది రెండు నుంచి ఆరు గంటల మధ్య, రెండోది ఎనిమిది నుంచి పద్నాలుగు గంటల మధ్య. పొద్దున ఏడింటికి సూదేస్తే, రాత్రి ఏడింటి గిన్నె ముందుకు కుక్క వచ్చేసరికి పొద్దుటి స్ఫటికాలు ఇంకా డ్యూటీలోనే ఉంటాయి. రాత్రి సూదిలోని సన్నపొడి వాటికి తోడవుతుంది. మనుషుల లెంటె అమెరికా మార్కెట్లో 2005 ప్రాంతంలో ఆగిపోయింది, కొత్త రకాలు దాని చోటు ఆక్రమించాయి. కుక్కల దగ్గర మాత్రం అది నిలిచింది. రోజుకు రెండు పూటలు, ఒకే రకం తిండి తినే జీవికి ఈ రెండు శిఖరాల మందు బాగా అమరింది.

ఆ సీసాలోనిది పంది ఇన్సులిన్ కావడానికీ కారణముంది. ఇన్సులిన్ అణువులో 51 అమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా ఉంటాయి. పందిదీ కుక్కదీ పోల్చి చూస్తే ఒక్క తేడా కూడా దొరకదు. మనిషిదానికి ఒక గొలుసు చివర ఒకే ఒక్క తేడా. ఆవుదానికి రెండు తేడాలు. ఆవు ఇన్సులిన్ ఇస్తే కుక్క ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తించి ఎదురుతిరిగే అవకాశముంది. పంది ఇన్సులిన్‌ను తనదే అనుకుంటుంది. 1982లో అమెరికాలో సూక్ష్మజీవులతో చేయించిన మానవ ఇన్సులిన్‌కు అనుమతి వచ్చాక పంది ఇన్సులిన్ మనుషుల షాపుల నుంచి క్రమంగా తప్పుకుంది. పశువైద్యుల అలమారలో అది ఇంకా ఉన్నదంటే పాతదాని మీద మోజుతో కాదు.

ఈ పొడి, స్ఫటికాల పాళ్లు ఎంత కీలకమో 2009లో తెలిసింది. ఆ ఏడాది నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, తయారీదారు కలిసి వెట్‌సులిన్ అనే ఈ మందు మీద హెచ్చరిక జారీ చేశారు. స్ఫటికాల పాలు ఒకే తీరుగా ఉండకపోవచ్చని, దానివల్ల మందు పనిచేసే వేళ తప్పవచ్చని అందులో ఉంది. ఇన్సులిన్ అదే, యూనిట్లు అవే. కరిగే తీరు మారవచ్చని తేలేసరికి నమ్మకం పోయింది. ఆ మందు అమెరికాలో మళ్లీ మామూలుగా దొరకడానికి ఏళ్లు పట్టింది.

ఇంత జాగ్రత్తగా కట్టిన పాళ్లను ఇంట్లో పాడుచెయ్యడం తేలిక. సీసాను సరిగా కలపకుండా సిరంజిలోకి లాగితే ఓ రోజు పైనీరు వస్తుంది, ఓ రోజు మడ్డి వస్తుంది. కుక్కల లెంటెను మొత్తం పాలలా ఒకే తెలుపు వచ్చేదాకా బాగా ఊపాలని, నురగ తగ్గాకే మందు తియ్యాలని దాని మీదే రాసి ఉంటుంది. ఎన్‌పీహెచ్‌ను ఊపకూడదు, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. ఫ్రిజ్‌లో పెట్టాలి గానీ గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూపుకు మామూలుగానే ఉన్నా దాన్ని పారెయ్యాల్సిందే.

సిరంజి దగ్గర ఇంకా పెద్ద ప్రమాదం పొంచి ఉంది. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజరంగు మూత సిరంజి. కుక్కల లెంటె 40 యూనిట్లదే. దాన్ని నారింజమూత సిరంజితో 10 గీతదాకా లాగితే లోపలికి వెళ్లేది 4 యూనిట్లే. తిరగేసి, 100 బలం ఇన్సులిన్‌ను ఎర్రమూతతో 10 దాకా లాగితే 25 యూనిట్లు వెళ్తాయి. పది కిలోల కుక్కకు మొదట ఇచ్చే డోసు పూటకు రెండున్నర నుంచి ఐదు యూనిట్ల మధ్యే ఉంటుంది. 25 పడితే ఆ ప్రాణం దక్కడం కష్టం. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ ఒకటేనా అని చూడడానికి రెండు సెకన్లు చాలు.

వంటింటి పనితనం చూడాలంటే మా వీధి చివర ఉండే రిటైర్డు లెక్కల టీచరుగారింటికి వెళ్లాలి. వాళ్ల తెల్ల స్పిట్జ్‌కు పదేళ్లు దాటాయి, షుగరు వచ్చి చాన్నాళ్లయింది. గోడమీద గంట ఏడు కొట్టేలోపు ఆవిడ తక్కెట్లో ఉడికించిన చికెన్, బీన్స్, కొలత ప్రకారం కాస్త ముడిబియ్యం అన్నం తూచి గిన్నెలో పెట్టేస్తారు. పొద్దునెంతో రాత్రీ అంతే. మధ్యలో బిస్కెట్ లేదు, పెరుగన్నం ముద్ద లేదు. కుక్క గిన్నె నాకేటప్పుడు సీసాను సిద్ధంచేసి, సిరంజిలో గాలిబుడగ లేకుండా వేలితో తట్టి, మందును గీత మీదికి తెస్తారు. అప్పుడు పీట లాక్కుని దాని పక్కన కూర్చుంటారు.

“తిన్నాకే సూది, బాబూ. ముందు పొడిచేసి, తరవాత అది తిననని మొహం తిప్పుకుంటే ఏం చేస్తాం? తినకపోతే ఫుల్లు డోసు వెయ్యను. ముందు డాక్టరుగారికి ఫోను చేస్తాను,” అన్నారోసారి.

ఆవిడ చెయ్యి చూడాలి. భుజాల వెనక వదులుగా ఉండే చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య గుడారంలా ఎత్తుతారు. సూది ఏటవాలు మొన పైకి ఉంటుంది. గుడారం లోపలికి గుచ్చుతారు గానీ అవతలి పక్కకు పొడుచుకు రానివ్వరు. అలా వస్తే మందంతా బొచ్చుమీద పడుతుంది, ఇంట్లోవాళ్లు మాత్రం డోసు పడిందనుకుంటారు. నొక్కాక సూదిని ఒక క్షణం అలాగే ఉంచి తీస్తారు, ఆ చోట వేలితో తడిమి తడి ఉందేమో చూస్తారు. ఈసారి కుడి, వచ్చేసారి ఎడమ, ఆ తర్వాత కాస్త వెనక్కి. ఒకేచోట పొడుస్తుంటే చర్మం గట్టిపడి మందు సరిగా ఇంకదు. ఆ కుక్క ఇంతసేపూ గిన్నె అడుగు నాకుతూనే ఉంటుంది. దానికి తెలిసీ తెలియనట్టుగా అయిపోతుంది పని.

డోసు సరిపోతోందా లేదా తేల్చడం ఇంకో విద్య. ఒక్క అంకె చూసి తేల్చకూడదు. తిండి, సూది అయినప్పటినుంచి రెండేసి గంటలకోసారి పన్నెండు గంటలపాటు చెవి అంచునుంచో పెదవి లోపలినుంచో ఒక్కో చుక్క తీసి కొలవాలి. అంకెలను వరసగా రాస్తే ఒక వంపు వస్తుంది. ఆ వంపులో అట్టడుగు ఎంత, అది ఎన్నో గంటకు వచ్చింది, మళ్లీ ఎప్పుడు లేచింది అన్నవి చూడాలి. అట్టడుగు 80, 150ల మధ్య ఉంటే డాక్టర్లు తృప్తిపడతారు.

ఉదాహరణకు ఒక కుక్క పొద్దున ఏడింటికి 320, సాయంత్రం ఏడింటికి 380 ఉందనుకోండి. ఆ రెండే చూసినవాళ్లు చాలట్లేదని డోసు పెంచేస్తారు. మధ్యలో కొలిస్తే తొమ్మిదింటికి 180, పదకొండింటికి 62, ఒంటిగంటకు 190, మూడింటికి 340 వచ్చింది. అంటే పదకొండింటికి చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. ఒళ్లు భయపడి, నిల్వ ఉన్న చక్కెరను గుమ్మరించే హార్మోన్లను వదిలింది. సాయంత్రం కనిపించిన 380 డోసు ఎక్కువై వచ్చింది. ఇక్కడ తగ్గించాలి. పెంచితే రేపు పదకొండింటికి మూర్ఛ రావచ్చు. రెండంకెలు ఒక మాట చెబుతుంటే మధ్య అంకెలు దానికి నేరుగా విరుద్ధమైన మాట చెబుతున్నాయి. టీచరుగారికి లెక్కలు రావడం ఇక్కడ కలిసొచ్చిందనుకుంటాను. “సగటు తీస్తే ఏం తెలుస్తుంది బాబూ, ఏ గంటకు ఎంతో చూడాలి గానీ,” అంటారావిడ. ఆవిడ డోసును తానుగా మాత్రం మార్చరు. నోటుపుస్తకం డాక్టరు చేతికిస్తారు. వరసగా రెండు రోజులు కొలిచినా ఒకే వంపు రాదు కాబట్టి ఆ డాక్టరూ ఒక్కదాన్ని చూసి తొందరపడరు. గడిచిన రెండు మూడు వారాల తీరు తెలియడానికి ఫ్రక్టోజమిన్ అనే రక్తపరీక్షను తోడు తెచ్చుకుంటారు.

కొలిచే యంత్రంలోనూ ఒక కిటుకుంది. మనిషి రక్తంలో చక్కెర సుమారు 58 శాతం ప్లాస్మాలో, 42 శాతం ఎర్రకణాల్లో ఉంటుంది. కుక్క రక్తంలో దాదాపు 87 శాతం ప్లాస్మాలోనే ఉంటుంది. మనుషులకోసం చేసిన గ్లూకోమీటరు ఈ తేడా ఎరగదు, కుక్కకు ఉన్నదానికంటే తక్కువ చూపించడం దాని అలవాటు. జంతువులకోసం సరిచేసిన మీటర్లు వచ్చాయి. చర్మానికి అతికించి 14 రోజులపాటు చదివే మనుషుల సెన్సర్లనూ పశువైద్యులు కుక్కలకు వాడుతున్నారు. చుక్కచుక్కకూ గుచ్చే బాధ తప్పుతుంది. ఖరీదు మాత్రం తప్పదు.

ఇంత నేర్పుకూ అందనివి ఉన్నాయి. మొదటిది కన్ను. పెరిగిన చక్కెర కంటి కటకంలో సార్బిటాల్‌గా మారి నీటిని లాగుతుంది, కటకం తెల్లబడుతుంది. షుగరు తేలిన ఏడాదిన్నర లోపే చాలా కుక్కలకు శుక్లాలు వస్తాయి, చక్కగా సూదులు పడుతున్నవాటికి కూడా. ఆపరేషన్ ఉంది. చేయించలేనివాళ్లు సోఫా, నీళ్లగిన్నె చోటు మార్చకుండా ఉంచితే కుక్క ముక్కుతో, గుర్తుతో తిరిగేస్తుంది.

రెండోది ఆడకుక్కల సంగతి, మన దగ్గర మరీ ముఖ్యం. ఎదకొచ్చి వెళ్లాక వారాలపాటు పెరిగి ఉండే ప్రొజెస్టెరాన్, కుక్కల్లో పాలగ్రంథులచేత గ్రోత్ హార్మోన్ తయారుచేయిస్తుంది. అది ఇన్సులిన్‌ను పనిచెయ్యనివ్వదు. ఎంత డోసు పోసినా అంకె దిగదు. అండాశయాలు తీయించే ఆపరేషన్ చేయిస్తే ఆ అడ్డు తొలగుతుంది. మొదట్లోనే చేయిస్తే, బీటా కణాలు ఇంకా మిగిలున్న కొన్ని కుక్కలకు సూది అవసరమే తప్పవచ్చు. ఆపరేషన్ పాపమని, ఒక్కసారైనా ఈననివ్వాలని సలహాలిచ్చే పెద్దలు ఈ ఒక్క సంగతి విన్నా బాగుండును.

మూడోది అర్ధరాత్రి భయం. చక్కెర పడిపోతే కుక్క తూలుతుంది, వణుకుతుంది, మత్తుగా పడుంటుంది, ఒక్కోసారి మూర్ఛ వస్తుంది. స్పృహలో ఉంటే వెంటనే తిండి పెట్టాలి. లేకపోతే తేనెగానీ గ్లూకోజు నీళ్లుగానీ వేలితో చిగుళ్లకు రాయాలి, నోట్లో పొయ్యకూడదు. అప్పుడే డాక్టరు దగ్గరికి బయల్దేరాలి. టీచరుగారింట్లో తేనెసీసా ఫ్రిజ్ మీద ఉంటుంది, ఇన్సులిన్ ఫ్రిజ్ లోపల.

పెట్టిన శ్రమకు తగిన ఫలితం ఉందా అని అడిగేవాళ్లున్నారు. ఈ వైద్యం ఆరోగ్యవంతమైన క్లోమానికి సాటిరాదు, సాటిరావాలని అనుకోదు కూడా. రోజంతా అంకె మామూలుగా ఉంచడం దాని గురి కాదు. దాహం తగ్గాలి, బరువు నిలవాలి, చక్కెర అడుక్కి పడకూడదు, అంతే. ఆ చిన్న గురికి కట్టుబడి ఉండడంలోనే దీని గొప్పతనమంతా ఉందని నా అభిప్రాయం. మొదటి కొద్ది నెలలు గట్టెక్కిన కుక్కలు ఏళ్లతరబడి బాగానే బతుకుతున్నాయి.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఒక రోజు దాని నీళ్లు కొలిచి పొయ్యండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటిందంటే, అంటే పది కిలోల కుక్క లీటరుకు మించి తాగుతోందంటే, మూత్రాన్ని ఒక శుభ్రమైన డబ్బాలో పట్టి ఈ వారంలోనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చక్కెర ఉందో లేదో ఒక్క స్ట్రిప్ నిమిషంలో చెప్పేస్తుంది.